ఇంగ్లీషు వాక్యం అతికించడం: క్రియ, కర్మ, జోడింపు మాటల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు డిగ్రీ పిల్లలు, నర్సింగ్ చదివే అమ్మాయిలు, రొయ్యల చెరువుల దగ్గర పనిచేసే టెక్నీషియన్లు, పిల్లల హోంవర్కు చూసే తల్లులు నన్ను అడిగే సందేహాలు ఏళ్లు గడిచినా మారడం లేదు. వీళ్లలో చాలామందికి ఇంగ్లీషు పదాలు బాగానే వచ్చు. మాటకు మాట అతికించే చోటే ఆగిపోతారు. అందుకని ఆ ప్రశ్నల్ని వాళ్లు అడిగిన తీరులోనే రాసి, జవాబులు పెట్టాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు. నోటితో పలికి చూసుకోవడానికి వీలుగా ఇంగ్లీషు వాక్యాల్ని కూడా తెలుగు లిపిలోనే ఇచ్చాను.

## మొదటి దశ: క్రియ, కర్మ

తెలుగులో క్రియ చివర వస్తుంది గదా, ఇంగ్లీషులో మధ్యలో ఎందుకొస్తుంది?

తెలుగులో ఎవరు చేశారో, ఎవరికి జరిగిందో విభక్తి చెప్పేస్తుంది. "అన్న తమ్ముణ్ణి పిలిచాడు" అన్నా, "తమ్ముణ్ణి అన్న పిలిచాడు" అన్నా పిలిచింది అన్నే. ఇంగ్లీషు పేర్లకు ని, ను లాంటివి అంటవు. అందుకే క్రియకు ముందున్నది కర్త, తర్వాత ఉన్నది కర్మ అని చోటును బట్టి తెలుసుకోవాలి. "రవి కాల్డ్ రాజు", "రాజు కాల్డ్ రవి": మాటలు అవే, పిలిచినవాడు మారిపోయాడు.

"తెచ్చావా?" అంటే "తెచ్చాను" అంటాం. ఇంగ్లీషులో "ఐ బ్రాట్" అంటే తప్పేంది?

తెలుగులో ఎదుటివాళ్లకు తెలిసిన కర్మను వదిలేయడమే సహజం. "మందులు తెచ్చావా?" అంటే "తెచ్చాను" చాలు, "వాటిని తెచ్చాను" అంటేనే వినడానికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ఇంగ్లీషులో బ్రింగ్, లైక్, టేక్, బై, ఎంజాయ్ వంటి క్రియలు కర్మ లేకుండా నిలబడవు. "ఐ బ్రాట్" అని ఆపితే వినేవాడు ఇంకా ఏదో వస్తుందని ఎదురుచూస్తాడు. "ఐ బ్రాట్ దెమ్" అనాలి. చేపల పులుసు ఎలా ఉందని అడిగితే "ఐ లైక్డ్ ఇట్". పెళ్లిలో సరదాగా గడిపామని చెప్పాలంటే "వి ఎంజాయ్డ్" కాదు, "వి ఎంజాయ్డ్ అవర్‌సెల్వ్స్" లేదా "వి ఎంజాయ్డ్ ది వెడ్డింగ్".

పుట్ అనే క్రియకు ఇంకా ఎక్కువ కావాలి: ఏం పెట్టావో, ఎక్కడ పెట్టావో రెండూ చెప్పాలి. "ఐ పుట్ ఇట్ ఆన్ ది టేబుల్." అలాగని కర్మ అన్నిచోట్లా తప్పనిసరి కాదు. "హావ్ యు ఈటెన్?" అంటే "యెస్, ఐ హావ్" సరిపోతుంది. నో (తెలియడం), ఫర్‌గెట్, అండర్‌స్టాండ్ కూడా విడిగా నిలుస్తాయి: "ఐ ఫర్‌గాట్", "ఐ అండర్‌స్టాండ్".

"డిస్కస్ అబౌట్" తప్పంటారు. అందరూ అదే అంటున్నారు గదా?

డిస్కస్ నేరుగా కర్మను తీసుకుంటుంది: "వి డిస్కస్డ్ ది ప్రాబ్లమ్." తెలుగులో "దాని గురించి చర్చించాం" అంటాం కాబట్టి ఆ "గురించి" ఇంగ్లీషులోకి వెంట వచ్చేస్తుంది. నామవాచకంగా వాడినప్పుడు మాత్రం అబౌట్ కావాలి: "వి హాడ్ ఎ డిస్కషన్ అబౌట్ ది ప్రాబ్లమ్." అయోమయానికి సగం కారణం ఇదే. రిక్వెస్ట్ కూడా అంతే: "ఐ రిక్వెస్టెడ్ ఎ రిసీట్", కానీ "మై రిక్వెస్ట్ ఫర్ ఎ రిసీట్".

ఇలా నేరుగా కర్మను తీసుకునే మరికొన్ని: రీచ్, ఎంటర్, మ్యారీ, కాంటాక్ట్, అటెండ్, రిజెంబుల్. "ఐ రీచ్డ్ ఒంగోల్", "షి మ్యారీడ్ ఎ టీచర్". రీచ్ తర్వాత టు, మ్యారీ తర్వాత విత్ పెట్టకూడదు. దీనికి ఎదురుగా మనకు "పాట విన్నాను" అంటే చాలు, ఇంగ్లీషులో "ఐ లిజన్డ్ టు ఎ సాంగ్" అనాలి. వెయిట్ ఫర్, లుక్ ఎట్, డిపెండ్ ఆన్ కూడా ఆ కోవకే చెందుతాయి. క్రియను దాని వెంట నడిచే మాటతో కలిపి ఒకే ముక్కగా గుర్తుపెట్టుకోవడం తప్ప దీనికి దగ్గరిదారి లేదు.

"గివ్ మి" కరెక్టయినప్పుడు "ఎక్స్‌ప్లెయిన్ మి" ఎందుకు కాదు?

గివ్, సెండ్, షో, టెల్, టీచ్, లెండ్ వంటివి రెండు కర్మల్ని పక్కపక్కనే పెట్టుకోగలవు: "గివ్ మి ది రిసీట్", "షో మి ది మీటర్". వరస మార్చితే టు వస్తుంది: "గివ్ ది రిసీట్ టు మి." బై, కుక్ వంటివాటికి టు బదులు ఫర్: "షి బాట్ ఎ సారీ ఫర్ హర్ మదర్."

ఎక్స్‌ప్లెయిన్, సే, సజెస్ట్, డిస్క్రైబ్ రెండు కర్మల్ని అలా పక్కపక్కన ఒప్పుకోవు. "ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మి", "వాట్ డిడ్ హి సే టు యు?" అనాలి. "సజెస్ట్ మి ఎ గుడ్ హాస్పిటల్" బదులు "కెన్ యు సజెస్ట్ ఎ గుడ్ హాస్పిటల్?" అంటే సరి. మి అక్కర్లేదు, అడుగుతున్నది మీరేనని వాళ్లకు తెలుసు.

నాకు జ్వరమొచ్చింది, నాకు ఆకలేస్తోంది, నాకు తెలీదు... ఈ "నాకు"ని ఎట్టా చెప్పాలి?

తెలుగు వాక్యంలో జ్వరం, ఆకలి, కోపం మన దగ్గరికి వచ్చేవి. మనం "కు" విభక్తితో పక్కన ఉంటాం. ఇంగ్లీషులో ఎక్కువగా మనిషే కర్త స్థానంలో కూర్చుంటాడు, క్రియ ఒక్కో సందర్భానికి ఒక్కోలా మారుతుంది. నాకు జ్వరమొచ్చింది: "ఐ హావ్ ఎ ఫీవర్." నాకు ఆకలేస్తోంది: "ఐయామ్ హంగ్రీ." నాకు కళ్లు తిరుగుతున్నాయి: "ఐ ఫీల్ డిజ్జీ." నాకు తెలీదు: "ఐ డోంట్ నో." నాకు మంచినీళ్లు కావాలి: "ఐ నీడ్ సమ్ వాటర్." నాకు ఇద్దరు పిల్లలు: "ఐ హావ్ టు చిల్డ్రన్." నాకు ఈత వచ్చు: "ఐ కెన్ స్విమ్."

"ఫీవర్ కేమ్ టు మి" అంటే అర్థమయితే అవుతుంది గానీ ఎవరూ అలా మాట్లాడరు. "నాకు" మిగిలిపోయే చోట్లు కొన్ని ఉన్నాయి. ఒంగోలు పోవడానికి నాకు రెండు గంటలు పట్టింది: "ఇట్ టుక్ మి టు అవర్స్ టు గెట్ టు ఒంగోల్." ఇక్కడ కర్త ఇట్, నాకు అన్నది మి.

"ఇల్లు కట్టించాం", "జుట్టు కత్తిరించుకున్నా"... మనం చేయకుండా చేయించినవి ఎట్టా?

తెలుగులో క్రియకు "ఇంచు" చేర్చితే పని వేరేవాళ్ల చేత జరిగిందని తెలుస్తుంది. ఇంగ్లీషులో అదే పనిని హావ్ లేదా గెట్ చేస్తుంది. వరస ఇది: హావ్, తర్వాత కర్మ, తర్వాత క్రియ మూడో రూపం. "వి హాడ్ ఎ హౌస్ బిల్ట్." "ఐ హాడ్ మై హెయిర్ కట్." "ఐ గాట్ మై బైక్ రిపేర్డ్." "ఐ కట్ మై హెయిర్" అంటే మీరే కత్తెర పట్టుకున్నట్టు అర్థమవుతుంది. ఇల్లు విషయంలో మాత్రం "వి బిల్ట్ ఎ హౌస్" అని వాళ్లూ మామూలుగానే అంటారు, దానికి భయపడనక్కర్లేదు.

చేసిన మనిషి పేరు చెప్పాలంటే: "ఐ హాడ్ ది మెకానిక్ చెక్ ది బ్రేక్స్", "ఐ గాట్ ది మెకానిక్ టు చెక్ ది బ్రేక్స్." హాడ్ అయితే టు ఉండదు, గాట్ అయితే టు ఉంటుంది. మేడ్ వాడితే ఇష్టం లేకపోయినా చేయించారని ధ్వనిస్తుంది, చూసుకుని వాడండి.

"స్విచ్ ఆఫ్ ఇట్" అంటే మా మేనేజరు దిద్దుతాడు. ఎందుకు?

రొయ్యల చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ ఆపమని చెప్పాలంటే "స్విచ్ ఆఫ్ ది ఏరేటర్" అన్నా, "స్విచ్ ది ఏరేటర్ ఆఫ్" అన్నా సరే. కర్మ సర్వనామం అయితే మాత్రం తప్పకుండా మధ్యలోకి రావాలి: "స్విచ్ ఇట్ ఆఫ్." అదే తీరులో "పిక్ హిమ్ అప్", "రైట్ ఇట్ డౌన్".

## రెండో దశ: క్రియ పక్కన క్రియ

ఏ క్రియ తర్వాత "టు", ఏ క్రియ తర్వాత "ఇంగ్"?

వాంట్, హోప్, డిసైడ్, ప్లాన్, అగ్రీ, ప్రామిస్, రెఫ్యూజ్ తర్వాత టు: "హి డిసైడెడ్ టు సెల్ ది ల్యాండ్." ఎంజాయ్, ఫినిష్, అవాయిడ్, మైండ్, ప్రాక్టీస్, కీప్ తర్వాత ఇంగ్: "హావ్ యు ఫినిష్డ్ ఈటింగ్?" టు వైపున్న క్రియల్లో చాలావరకు ఇంకా జరగని పనిని చూపిస్తాయి. ఈ గుర్తు కొంతవరకే ఆదుకుంటుంది, అన్నింటికీ కాదు.

ఇన్, ఆఫ్, ఫర్, ఎట్, వితౌట్ వంటి మాటల తర్వాత ఎప్పుడూ ఇంగే: "ఐయామ్ ఇంటరెస్టెడ్ ఇన్ జాయినింగ్", "హి లెఫ్ట్ వితౌట్ టెల్లింగ్ అజ్." ఉత్తరాల చివర రాసే "లుకింగ్ ఫార్వర్డ్ టు హియరింగ్ ఫ్రమ్ యు"లో టు కనిపిస్తుంది గానీ, అది కూడా ఇన్, ఎట్ లాంటి మాటే. అందుకే హియర్ కాదు, హియరింగ్.

"స్టాప్డ్ టు డ్రింక్", "స్టాప్డ్ డ్రింకింగ్" ఒకటే గదా?

కాదు. "వి స్టాప్డ్ టు డ్రింక్ టీ": కావలి దగ్గర టీ కోసం బండి ఆపాం. "వి స్టాప్డ్ డ్రింకింగ్ టీ": టీ మానేశాం. రిమెంబర్‌కూ ఇదే తేడా. "రిమెంబర్ టు లాక్ ది డోర్" అంటే తాళం వేయడం మర్చిపోవద్దని. "ఐ రిమెంబర్ లాకింగ్ ది డోర్" అంటే వేసిన సంగతి గుర్తుందని.

"అమ్మ నన్ను రమ్మంది", "నన్ను పోనివ్వలేదు" ఎట్టా చెప్పాలి?

టెల్, ఆస్క్, వాంట్, అలౌ: వీటి తర్వాత మనిషి, ఆ తర్వాత టు. "మై మదర్ టోల్డ్ మి టు కమ్." "ఐ వాంట్ దట్ యు కమ్" అనకూడదు, "ఐ వాంట్ యు టు కమ్" అనాలి. లెట్, మేక్ మాత్రం టు లేకుండా నడుస్తాయి: "దే డిడంట్ లెట్ మి గో." సజెస్ట్ ఈ గుంపులోకి రాదు. "హి సజెస్టెడ్ మి టు అప్లై" బదులు "హి సజెస్టెడ్ దట్ ఐ అప్లై" అనండి.

ఏ క్రియకు ఏది వస్తుందో అన్నీ బట్టీ పట్టాలా?

పెద్ద జాబితా ముందేసుకుని బట్టీ పట్టొద్దు. విద్యార్థుల కోసం చేసిన ఇంగ్లీషు–ఇంగ్లీషు నిఘంటువు దగ్గరుంచుకోండి, ఫోనులో ఉచితంగానే దొరుకుతుంది. అందులో ప్రతి క్రియ పక్కనా దాని వెంట ఏం రావాలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. మనవాళ్లు అర్థం చూసి మూసేస్తారు. ఆ చిన్న అక్షరాలు, కింద ఇచ్చిన ఉదాహరణ వాక్యం: మనకు కావాల్సినవి అవే.

ఈ పద్ధతిని నిఘంటువుల్లోకి తెచ్చినవారిలో ముఖ్యుడు ఏ.ఎస్. హార్న్‌బీ. ఆయన 1924లో ఇంగ్లీషు పాఠాలు చెప్పడానికి జపాన్ వెళ్లారు. జపనీస్‌లో కూడా మన తెలుగులాగే క్రియ చివర వస్తుంది, తెలిసిన కర్మను వదిలేస్తారు. అక్కడి పిల్లలకు ఎదురైన ఇబ్బందులే మనకూ ఎదురవుతాయి. ఆయన సహచరులతో కలిసి చేసిన నిఘంటువు 1942లో టోక్యోలో అచ్చయింది, 1948లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు వేశారు. క్రియల్ని ఆయన 25 నమూనాలుగా విభజించారు. రోజువారీ మాటలకు అన్నీ అక్కర్లేదు, ఐదారు పట్టుబడితే చాలా దూరం పోవచ్చు.

## మూడో దశ: వాక్యానికి వాక్యం

"పోయి, కొని, వచ్చి, వండి" అని తెలుగులో ఒక్క వాక్యంలో చెప్తాం. ఇంగ్లీషులో ఎట్టా?

నన్నడిగితే తెలుగువాళ్లకు ఇంగ్లీషులో అన్నిటికంటే పెద్ద మలుపు ఇదే, కాబట్టి కాస్త ఎక్కువగా చెబుతాను. తెలుగులో వాక్యాల్ని కలిపే పని క్రియ చివర జరుగుతుంది: చేసి, చేస్తూ, చేస్తే, చేసినా. పదో తరగతి తెలుగులో క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం, అప్యర్థకం అని చదువుకున్నవి ఇవే. ఇంగ్లీషులో ఆ కలిపే మాట విడిగా ఉంటుంది, తాను కలిపే ముక్కకు ముందు నిలబడుతుంది: అండ్, వైల్, ఇఫ్, ఆల్దో.

"పొద్దున్నే మార్కెట్‌కు పోయి, కొరమీను కొని, శుభ్రం చేయించి, మామిడికాయ ముక్కలేసి పులుసు పెట్టాను." దీన్ని "హావింగ్ గాన్ టు ది మార్కెట్, హావింగ్ బాట్" అంటూ మొదలుపెట్టొద్దు. క్రియలన్నీ ఒకే కాలంలో పెట్టి, కర్తను ఒక్కసారే చెప్పి, చివరి క్రియ ముందు అండ్ పెట్టండి: "ఐ వెంట్ టు ది మార్కెట్, బాట్ సమ్ ఫిష్, హాడ్ ఇట్ క్లీన్డ్ అండ్ మేడ్ ఎ కర్రీ విత్ రా మ్యాంగో." ప్రతి క్రియకూ "అండ్ ఐ, అండ్ ఐ" అనక్కర్లేదు.

కర్తలు వేరైతే జాగ్రత్త. "వానపడి రోడ్డు మునిగింది"లో పడింది వాన, మునిగింది రోడ్డు. "ఇట్ రెయిన్డ్ అండ్ ది రోడ్ వాజ్ ఫ్లడెడ్" అని రెండు కర్తల్నీ చెప్పాలి. "చేసి"లో కారణం దాగి ఉంటే సో గానీ బికాజ్ గానీ వాడండి. వానలో తడిసి జ్వరం తెచ్చుకున్నాడు: "హి గాట్ వెట్ ఇన్ ది రెయిన్, సో హి కాట్ ఎ ఫీవర్." చేస్తూ అన్నదానికి వైల్: "హి ఈట్స్ వైల్ వాచింగ్ టీవీ."

"ఆల్దో" పెట్టాక "బట్" ఎందుకు పెట్టకూడదు?

రెండు ముక్కలుంటే కలిపే మాట ఒక్కటి చాలు. "ఆల్దో ఇట్ రెయిన్డ్, వి వెంట్ టు మైపాడ్" అనండి, లేదా "ఇట్ రెయిన్డ్, బట్ వి వెంట్ టు మైపాడ్" అనండి. బికాజ్, సో కూడా ఒకే వాక్యంలో కలిసి ఉండవు. తెలుగులో "వాన పడినా గానీ పోయాం" అని రెండూ కలిపేసే అలవాటు ఉంది, అదే ఇంగ్లీషులోకి వస్తోంది. డిస్పైట్ తర్వాత నామవాచకం గానీ ఇంగ్ రూపం గానీ పెట్టాలి: "డిస్పైట్ ది రెయిన్".

"వానొస్తే రాను" అనడానికి "ఇఫ్ ఇట్ విల్ రెయిన్" అనొచ్చా?

అనకూడదు. ఇఫ్ ఉన్న ముక్కలో వర్తమానం, రెండో ముక్కలో విల్: "ఇఫ్ ఇట్ రెయిన్స్, ఐ వోంట్ కమ్." వెన్, బిఫోర్, అన్‌టిల్, యాజ్ సూన్ యాజ్ కూడా ఇలాగే నడుస్తాయి. నువ్వు రాగానే పోదాం: "వి విల్ లీవ్ యాజ్ సూన్ యాజ్ యు కమ్."

తెలుగు "తే" ఎప్పుడూ ఇఫ్ కాదని గుర్తుంచుకోండి. "నేను పోతే ఆడ ఎవరూ లేరు" అంటే షరతు కాదు, జరిగిపోయిన సంగతి: "వెన్ ఐ వెంట్ దేర్, దేర్ వాజ్ నోబడీ." పని జరిగిపోయిందా, ఇంకా జరగాలా అన్నది చూసుకుంటే వెన్ కావాలో ఇఫ్ కావాలో తెలుస్తుంది.

"అన్‌లెస్ యు డోంట్ టెల్ మి" అనొచ్చా?

అనకూడదు. కాదు అన్న అర్థం అన్‌లెస్‌లోనే ఉంది. నువ్వు చెప్పకపోతే నాకు తెలీదు: "ఐ వోంట్ నో అన్‌లెస్ యు టెల్ మి." నేను వచ్చేదాకా ఉండు: "వెయిట్ అన్‌టిల్ ఐ కమ్."

"అని"కి ఇంగ్లీషులో ఏం వాడాలి? నేను అన్నిటికీ "లైక్ దట్" అంటుండా.

"అని" చేసే పనులు చాలా, ఒక్క మాటతో తీరవు. మామూలుగా చెప్పిన మాటకు దట్, అది కూడా వదిలేయొచ్చు: "హి సెడ్ హి వాజ్ బిజీ." అనుకున్న కారణానికి థాట్: వానొస్తుందని గొడుగు తెచ్చా, "ఐ బ్రాట్ ఎన్ అంబ్రెల్లా బికాజ్ ఐ థాట్ ఇట్ వుడ్ రెయిన్." పేరుకు కాల్డ్: "ఎ మ్యాన్ కాల్డ్ రవి." భయానికి ఆఫ్: పడిపోతానని భయం, "ఐయామ్ అఫ్రెయిడ్ ఆఫ్ ఫాలింగ్." డాక్టరు రాడంట అన్నప్పుడు "దే సే ది డాక్టర్ ఈజంట్ కమింగ్."

అన్నిటికంటే ప్రమాదం "నేను" దగ్గరుంది. "మా తమ్ముడు నేను రేపొస్తానని చెప్పాడు" అంటే తెలుగులో వచ్చేది తమ్ముడు. దాన్ని ఉన్నదున్నట్టు "మై బ్రదర్ సెడ్ దట్ ఐ విల్ కమ్" అని మార్చితే వచ్చేది మీరని అర్థమవుతుంది. "హి వుడ్ కమ్" అనాలి. వార్డులో ఇది ఇంకా ముఖ్యం. రోగి "నాకు ఊపిరాడటం లేదు" అంటే డాక్టరుకు "హి సేస్ హి కాంట్ బ్రీత్" అని చెప్పాలి. నర్సింగ్ విద్యార్థులు ఈ ఒక్క మార్పును రోజూ నోటితో సాధన చేయాలి. సేస్ అన్న వెంటనే ఐ పోయి హి లేదా షి, మై పోయి హిజ్ లేదా హర్ రావాలి.

"యాడుండాడో తెలీదు" అనడానికి "ఐ డోంట్ నో వేర్ ఈజ్ హి" అంటే?

విడి ప్రశ్నలో "వేర్ ఈజ్ హి?" సరైనదే. పెద్ద వాక్యంలో ముక్క అయ్యాక అది ప్రశ్న కాదు, మామూలు వరసకు వస్తుంది: "ఐ డోంట్ నో వేర్ హి ఈజ్." డు, డిడ్ కూడా పోతాయి: "టెల్ మి వాట్ హి సెడ్." వస్తాడో రాడో: "ఐ డోంట్ నో వెదర్ హి విల్ కమ్."

"నిన్న వచ్చిన మనిషి" ఎట్టా చెప్పాలి?

తెలుగులో వివరణ ముందు, మనిషి తర్వాత. ఇంగ్లీషులో మనిషి ముందు, వివరణ తర్వాత: "ది మ్యాన్ హూ కేమ్ యెస్టర్‌డే ఈజ్ మై అంకుల్." యెస్టర్‌డే తర్వాత మళ్లీ హి పెట్టొద్దు. మనిషి కాకపోతే దట్: "ది బస్ దట్ గోజ్ టు ఆత్మకూర్."

## నాలుగో దశ: రాసేటప్పుడు, నేర్పేటప్పుడు

లీవ్ లెటర్లో "యాజ్ ఐయామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్ సో ఐ రిక్వెస్ట్ యు" అని రాస్తాం. తప్పుందా?

యాజ్ ఉంది కాబట్టి సో తీసేయండి. "యాజ్ ఐ హావ్ ఎ ఫీవర్, ఐ రిక్వెస్ట్ యు టు గ్రాంట్ మి లీవ్ ఫర్ టు డేస్." గ్రాంట్‌కు గివ్ లాగే రెండు కర్మలు: ఎవరికి, ఏమిటి. ఏ రోజు నుంచి ఏ రోజు దాకా అన్నది కూడా రాస్తే చదివే అధికారికి మళ్లీ అడిగే పని ఉండదు.

అండ్, బట్, సోతో వాక్యం మొదలుపెట్టకూడదంటారు. నిజమేనా?

అలాంటి వ్యాకరణ నియమం లేదు. మంచి రచయితలు మొదలుపెడతారు. పరీక్ష పేపర్లో మాత్రం తక్కువగా వాడండి, దిద్దేవాళ్లలో కొందరికి నచ్చదు.

ఇంగ్లీషు రావాలంటే తెలుగులో ఆలోచించడం మానేయాలా?

అక్కర్లేదు. పుట్టిన భాష నోట్లోనూ తలలోనూ ఉంటుంది, దాన్ని తోసేయమని పిల్లలకు చెప్పడం అన్యాయం. "చేస్తే", "చేసినా"లకు తేడా తెలిసిన పిల్లకు ఇఫ్, ఆల్దోల తేడా తొందరగా పట్టుబడుతుంది. తెలుగు వ్యాకరణం బాగా చెప్పే మాస్టారు ఉన్న బడిలో ఇంగ్లీషు టీచరు పని సగం తగ్గుతుంది. మానేయాల్సింది మాటకు మాట మార్చడం ఒక్కటే. తెలుగు వాక్యం మొత్తం విని, ఎవరు, ఏం చేశారు, దేన్ని అని అడిగి, ఆ వరసలో ఇంగ్లీషు చెప్పాలి.

మా పాప ఐదో తరగతి. మాకు ఇంగ్లీషు అంతంతమాత్రం. ఇంట్లో ఏం చేయించాలి?

గ్రామర్ పేర్లు వద్దు. బడి నుంచి రాగానే ఆ రోజు చేసిన పని ఒకటి తెలుగులో చెప్పమనండి. "అన్నం తిని, చేతులు కడుక్కుని, ఆడుకున్నాం" అంటుంది. దాన్ని ఇంగ్లీషులో చెప్పమనండి, నోటుబుక్కులో రాయమనండి. మీకు తప్పొప్పులు తెలియకపోయినా రెండు విషయాలు చూడగలరు: క్రియ తర్వాత ఏమిటి, దేన్ని అన్న మాట రావాల్సిన చోట ఉందా, చివరి పనికి ముందు అండ్ ఉందా. సందేహం మిగిలిన వాక్యం కింద గీత గీయించి మర్నాడు టీచరుకు చూపించమనండి.